తుమ్మబొగ్గు, జిల్లేడుబొగ్గు

నేను ఒక కర్ర రోలుని. నల్లతుమ్మ మొద్దుని తొలిచి చేశారు నన్ను. మీ ఇళ్ళలో రాతి రోళ్ళే ఎక్కువ కాబట్టి నాలాంటి దాన్ని మీలో చాలామంది చూసి ఉండరు. చూడకపోయినా వచ్చిన నష్టమేమీ లేదు. సరదా కబుర్ల కోసం వచ్చినవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను, ఇది దీపావళి మందుగుండు కథే గాని సరదా కథ కాదు. ఒక మనిషి కళ్ళు పోయిన కథ. అవి పోబోతున్నాయని నాకు ముందే తెలుసు. తెలిసీ చెప్పలేకపోయాను, రోలుకి మాటలు రావు గనక. మరి ఇప్పుడెలా మాట్లాడుతున్నావు అని అడుగుతారేమో. ఇప్పుడు మాట్లాడినా ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. అలాంటప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి.

వెల్లలంకలో కాలవగట్టు మీద పెరిగిన తుమ్మచెట్టు నా తల్లి. గాలివానకి పడిపోతే ఊళ్ళో వాళ్ళు కొమ్మలు పొయ్యిలోకి పట్టుకుపోయారు, మొదలు మాత్రం వీరభద్రాచారి అనే వడ్రంగి తీసుకున్నాడు. నన్ను తొలుస్తున్నన్నాళ్ళూ ఆయన నన్ను తిడుతూనే ఉన్నాడు. ఉలి మొండిబారిపోతోందనీ, బాడిత జారిపోతోందనీ, ఈ మొద్దు కన్నా తన అల్లుడి బుర్ర మెత్తగా ఉంటుందనీ. పని పూర్తయ్యాక మాత్రం అరచేత్తో నా లోపలంతా నిమిరి, "ముత్తెంలా వచ్చింది" అని మెచ్చుకున్నాడు. మనుషులు ఇంతే. చేస్తున్నంతసేపూ తిట్టి, అయిపోయాక ముద్దుచేస్తారు. నామీద ప్రేమగా పడిన మొదటి చెయ్యి అదే కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

నన్ను చేయించుకున్నది నరసాయమ్మ. అటుకులు దంచడానికి. ఆమె చేతి అటుకులకి చుట్టుపక్కల లంకల్లో పేరుండేది. నానబెట్టిన వడ్లు వేయించి వేడివేడిగా నాలో పోసి దంచేది. ఆ వేడి, ఆ వాసన నా ఒంటికి పట్టేసి, కోళ్ళు కూడా నా చుట్టూనే తిరిగేవి. భర్త చిన్న వయసులోనే పోతే ఒక్కగానొక్క కొడుకుని ఆ అటుకులతోనే పెంచింది. ఆ కొడుకు అమ్మిరాజు. వాడు పెద్దయ్యేసరికి ఊరికి రైసుమిల్లు వచ్చింది, అటుకుల మర వచ్చింది, నా పని పోయింది. విడ్డూరం ఏమిటంటే ఆ మిల్లులోనే ఇంజను చూసుకునే ఉద్యోగం దొరికింది అమ్మిరాజుకి. తల్లి రోకలిని మూలపెట్టిన యంత్రానికి కొడుకు రోజూ నూనె పోసి వచ్చేవాడు. నరసాయమ్మ మాత్రం సంతోషించింది. భుజాల నొప్పులు తగ్గాయంది. నేను దొడ్లో గోడవార పడి ఉండి, ఇక నా బతుకింతేనని అనుకున్నాను.

అమ్మిరాజుకి ఒక్కటే పిచ్చి, మందుగుండు. తాగుడు లేదు, పేకాట లేదు. పెళ్ళి ఊసెత్తితే దీపావళి వెళ్ళాక చూద్దాం అనేవాడు. దీపావళి వెళ్ళాక అడిగితే వచ్చే దీపావళికి ఏం చెయ్యాలో చెప్పడం మొదలుపెట్టేవాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో జువ్వలూ చిచ్చుబుడ్లూ కొనుక్కోవడం నామోషీ. ఎవరింట్లో వాళ్ళు చేసుకునేవారు. అందరూ చేసేవాళ్ళే గాని అందరివీ వెలిగేవి కావు. ఒకడి జువ్వ గడ్డివాములో దూరేది, ఒకడి చిచ్చుబుడ్డి రెండు నిప్పురవ్వలు ఉమ్మి ఊరుకునేది. సూరేకారం చెమ్మగిల్లిందనో గంధకం కల్తీదనో సరిపెట్టుకునేవారు. బొగ్గుని మాత్రం ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బొగ్గంటే బొగ్గే కదా అని పొయ్యిలోది తీసి పొడిచేసి కలిపేవారు. అమ్మిరాజుకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది. బొగ్గుల్లో రకాలున్నాయనీ, మందుకి ప్రాణం బొగ్గేననీ ఊరందరితో వాదం పెట్టుకునేవాడు.

రాతి రోట్లో దంచితే నిప్పు పుడుతుందని భయపడి ఒకరోజు నన్ను దొడ్లోంచి దొర్లించుకొచ్చాడు. కొసనుండే ఇనుప పొన్ను ఊడదీసిన రోకలి ఒకటి సిద్ధం చేసుకున్నాడు. నరసాయమ్మ చూసి కేకలేసింది.

"ఒరే, నిన్ను పెంచిన రోలురా అది. దాన్లో మసి పోత్తావా?"

"నువ్వు దంచట్లేదు కదే అమ్మా. ఊరికే పడుండే కంటే ఏదో పనికొత్తది కదా."

"పనికి రాపోతే పడుండనీ. నేనూ పడే ఉంటన్నాను. నన్ను కూడా దేనికైనా వాడతావేటి?"

అలా అంటూనే తడిగుడ్డతో నన్ను తుడిచి ఇచ్చింది. ఆ రోజు నుంచీ నాకు అటుకుల వాసన పోయి బొగ్గు వాసన పట్టింది.

ఆ బొగ్గుల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నా పొట్టలో నలిగినవి అవి. మందు పాళ్ళు మాత్రం చెప్పను. పాళ్ళు తెలిసినవాళ్ళ గతి ఏమైందో చూసినదాన్ని. బొగ్గు గురించి చెబుతాను. జిల్లేడు కర్ర తేలిక, లోపల గుల్ల. తోలు వలిచి, ఎండబెట్టి, గోతిలో కాల్చి, గాలి తగలకుండా మూసి చల్లారిస్తే వచ్చే బొగ్గు పట్టుకుంటే బరువుండదు. రోకలి వెయ్యగానే చప్పుడు లేకుండా కుంగిపోతుంది. అది దూకుడు బొగ్గు. మందులో కలిస్తే అంటుకున్నదే ఆలస్యం, ఉన్నదంతా ఒక్కసారి కక్కేస్తుంది. జువ్వ పైకి లేవాలంటే ఆ దూకుడే కావాలి. తుమ్మబొగ్గు అలా కాదు. గట్టిది, బరువైనది. దంచుతుంటే కరకరలాడుతుంది, నలగనని మొండికేస్తుంది. నా జాతిది కదా మరి. మందులో కూడా నెమ్మదిగా కాలుతుంది. చిచ్చుబుడ్డి పువ్వులా విచ్చుకుని చాలాసేపు నిలబడాలంటే తుమ్మబొగ్గే వెయ్యాలి. తుమ్మబొగ్గు జువ్వలో పడితే అది లేవదు, అంతే. నవ్వుకుని ఊరుకోవచ్చు. జిల్లేడుబొగ్గు చిచ్చుబుడ్డిలో పడితే మాత్రం అది బాంబైపోతుంది.

అందుకే అమ్మిరాజు రెండు బొగ్గుల్నీ రెండు కుండల్లో వేరువేరుగా పెట్టేవాడు. వీధి అరుగు మీద, తలుపు పక్కనే జిల్లేడు కుండ, దాని తర్వాత తుమ్మ కుండ. ఎన్నేళ్ళయినా ఆ వరస మారలేదు. చీకట్లో చెయ్యిపెట్టినా తప్పు పోయేది కాదు. ఒకవేళ పోయినా చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసుకునేవాడు.

ఎదురింట్లో భీమేశం ఉండేవాడు. బోర్డులు రాసే పెయింటరు. కిరాణా కొట్లు, సినిమా హాలు, పడవల రేవు, ఆ చుట్టుపక్కల మీరు చదివిన అక్షరాలన్నీ అతని చేతివే. గీత గీయకుండా, కంటితో కొలిచి రాసేవాడు. ఎర్రల్లో ఎన్ని ఎరుపులున్నాయో చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్పేవాడు. అమ్మిరాజూ అతనూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద తన్నులు తిన్నవాళ్ళు. మందుగుండులో కూడా పని పంచుకున్నారు. బొగ్గు కాల్చడం, దంచడం అమ్మిరాజు వంతు. మట్టి బుడ్లలో, వెదురు గొట్టాల్లో మందు కూరడం భీమేశం వంతు. ఒకడి పనిలో ఇంకొకడు వేలు పెట్టేవాడు కాదు. చిచ్చుబుడ్డి విచ్చుకున్నప్పుడు ఊరంతా చప్పట్లు కొడితే, భీమేశం ఆ వెలుగులో రంగు ఎక్కడ తగ్గిందో చూస్తూ నిలబడేవాడు. అమ్మిరాజు భీమేశం మొహం చూస్తూ నిలబడేవాడు.

భీమేశం భార్య మహాలక్ష్మికి పెళ్ళయిన చాలా ఏళ్ళకి నెల తప్పింది. భీమేశం ఆనందానికి హద్దులేదు. పుట్టబోయే బిడ్డ కోసం ఉయ్యాలకి చిలకలు వేస్తూ, "మొహం చూడగానే చెప్పేత్తాను నా పోలికో దాని పోలికో" అని అందరికీ చాటేవాడు. ఆ దీపావళికి ఎప్పుడూ లేనంత ఎత్తు చిచ్చుబుడ్లు కాల్చాలని ఇద్దరూ అనుకున్నారు. అమ్మిరాజు ముందే బొగ్గు కాల్చి కుండలు నింపి పెట్టాడు.

అంతలో నరసాయమ్మ పోయింది. ముందురోజు దాకా తిరుగుతూనే ఉంది. తెల్లారి లేవలేదు.

ఇక్కడి నుంచి జరిగినదాంట్లో ఎవరిదీ చెడ్డబుద్ధి కాదు. అదే నాకు భరించలేని విషయం. ఒక్కడైనా దుర్మార్గుడు ఉంటే వాణ్ణి తిట్టుకునైనా కాలం గడిపేదాన్ని.

శవాన్ని పడుకోబెట్టడానికి అరుగు ఖాళీ చేశారు. ఎవరో కుండలు రెండూ ఎత్తి లోపల పెట్టారు. దహనం అయ్యాక ఎవరో తెచ్చి మళ్ళీ అరుగు మీద పెట్టారు. వరస మారింది. ఇప్పుడు తలుపు పక్కన తుమ్మ కుండ వచ్చింది. ఏడుస్తున్న ఇంట్లో బొగ్గు కుండల వరస ఎవరికి కావాలి. ఆ తర్వాత మైల వదిలించుకునే రోజు వచ్చింది. ఇంట్లో పాత కుండలన్నీ పారేసి కొత్తవి పెట్టుకోవడం ఆచారం. అమ్మిరాజు పిన్ని సూరాయమ్మ ఆ పనులన్నీ భుజాన వేసుకుంది. కుండలు పారేస్తూ, పిల్లాడు అంత కష్టపడి కాల్చుకున్న బొగ్గు ఎందుకు పారెయ్యాలి అనుకుని, రెండింటినీ రెండు డాల్డా డబ్బాల్లోకి వంపింది. ఒకటి మూత ఉన్న డబ్బా, ఒకటి మూత పోయిన డబ్బా. మంచి మనసుతో చేసిన పని. ఆమె పారేసి ఉంటే ఎంత బాగుండేది.

తల్లికి తలకొరివి పెట్టినవాడు ఏడాదిపాటు పండగ చెయ్యకూడదు. మందుగుండు జోలికి పోకూడదు. శుభం జరిగే ఇంటి గడప తొక్కకూడదు. అమ్మిరాజు ఆచారాల్ని పెద్దగా పట్టించుకునే మనిషి కాదు గాని, ఇది తల్లి విషయం. తు.చ. తప్పకుండా పాటించాలని పట్టుపట్టాడు. దాంతో నన్నూ రోకలినీ డబ్బాల్నీ భీమేశానికి ఇచ్చెయ్యడానికి నిశ్చయించాడు. భీమేశం వద్దన్నాడు. మీ అమ్మ పోయిన ఏడు నాకు మాత్రం పండగేంటిరా అన్నాడు. అమ్మిరాజు ఒప్పుకోలేదు.

"మీ ఇంటికి బిడ్డొత్తంది. చీకటి పెట్టుకోకూడదు. నేను అరుగు మీద కూచుని చూత్తాను. నా కోసం కాల్చు."

పండగకి రెండు రోజులుందనగా అమ్మిరాజు తన అరుగు మీద, గుండు మీద తువ్వాలు కప్పుకుని గోడకి జారబడి కూర్చున్నాడు. సూరాయమ్మ డబ్బాలు తెచ్చి భీమేశం ముందు పెట్టింది. భీమేశం అడిగాడు.

"ఏది ఏదిరా?"

అమ్మిరాజు ముట్టుకోకూడదు. పిన్నినే అడిగాడు.

"పిన్నీ, తలుపు పక్క కుండలోది దేన్లో పోశావు?"

"మూతున్న దాన్లో పోశాను నాయనా. ఏం, ఏదైనా బొగ్గే గదా?"

అమ్మిరాజు కొంచెం నవ్వాడు. తల్లి పోయాక అదే మొదటిసారి నవ్వడం. "అదే కదే గొడవ" అని పిన్నితో అని, భీమేశం వైపు తిరిగి, "మూతున్నది జిల్లేడు, లేనిది తుమ్మ" అన్నాడు. ఒక్క చిటికెడు నలిపి చూసి ఉంటే తెలిసిపోయేది. ఆ చెయ్యి చాచడానికి ఆచారం అడ్డొచ్చింది. పిన్ని అబద్ధం చెప్పలేదు, కొడుకు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ మధ్య కుండలే చోటు మారాయి.

మర్నాడు భీమేశం తన పెరట్లో నాలో మొదటి డబ్బా వంపాడు, మూత లేనిది. తుమ్మబొగ్గనుకుని చిచ్చుబుడ్ల కోసం. రోకలి పడింది. చప్పుడు రాలేదు. బొగ్గు మెత్తగా కుంగిపోయింది. నా గుండె జారిపోయింది. మొద్దుకి గుండేమిటని నవ్వకండి, ఆ రోజు నాకు ఉన్నట్టే అనిపించింది. ఇది జిల్లేడు బొగ్గు నాయనా, ఆపు, వాసన చూడు, వేళ్ళతో నలుపు అని లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో. రోకలి పడుతూనే ఉంది. నేను చీలిపోగలిగితే చీలిపోయేదాన్ని. అప్పుడైనా పని ఆగేదేమో. కాని వీరభద్రాచారి నన్ను అంత గట్టిగా చేశాడు. ఉలిని మొండిబార్చిన గట్టిదనం ఆ రోజు ఎవరికీ అక్కరకు రాలేదు. పొడి జల్లించుకుని, గుడ్డలో కట్టుకుని, రెండో డబ్బా వంపాడు. అది కరకరలాడింది. అదీ విన్నాను.

ఆ సాయంత్రం భీమేశం మందు కూరుతుంటే మహాలక్ష్మి దూరంగా అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతోంది. ఈసారి చిచ్చుబుడ్డి ముందు బిడ్డని ఎత్తుకుని నిలబడాల్సింది, ఇంకాస్త ముందు నెల తప్పి ఉంటే బాగుండేది అంది. భీమేశం వచ్చే ఏడు ఎక్కడికి పోద్దే అన్నాడు. వాళ్ళ నవ్వులు వింటూ నేను పెరట్లో ఖాళీగా, మసిగా కూర్చున్నాను. రేపటి దాకా ఆ నవ్వులు ఉంటాయని లెక్కపెట్టుకోవడం తప్ప నేను చెయ్యగలిగింది లేదు.

దీపావళి సాయంత్రం భీమేశం వాకిలంతా ముగ్గులు, ప్రమిదలు. వీధిలో జనం పోగయ్యారు. ఎదురింటి అరుగు మీద దీపం లేదు. చీకట్లో అమ్మిరాజు ఉన్నాడని అతని తువ్వాలు తెల్లదనం వల్ల తెలుస్తోంది. అలవాటు ప్రకారం ముందు జువ్వ వెలిగించారు. అది బుసబుసలాడింది, నిలబెట్టిన చోటే కాసేపు తిరిగింది, మనిషెత్తు లేచి పక్కనున్న కాలవలో పడింది. జనం గొల్లుమన్నారు.

"ఏంటి భీమేశం, జువ్వ తానానికెళ్ళిందా?" అన్నారెవరో.

"సూరేకారం చెమ్మెక్కినట్టుంది" అని భీమేశం కూడా నవ్వేశాడు. "జువ్వ పోతే పోయింది. బుడ్డి చూడండి ఇప్పుడు."

అందరూ నవ్వుతుంటే ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. అమ్మిరాజు జువ్వ లేవకపోవడం చూశాడు. తను కాల్చిన జిల్లేడు బొగ్గు అలా చావదని అతనికి తెలుసు. అది తుమ్మ అయితే తప్ప. ఇది తుమ్మ అయితే చిచ్చుబుడ్డిలో ఉన్నది ఏమిటి? నేను పెరటి గుమ్మం పక్క నుంచి, ఇంటి సందులోంచి అతన్ని చూస్తున్నాను. తువ్వాలు జారిపోతే కూడా చూసుకోకుండా వీధి దాటి పరిగెత్తుకొచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తెలిసిందిరా నాయనా నీకు, పరిగెత్తు అనుకున్నాను.

భీమేశం వాకిట్లో ముగ్గు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. ప్రమిదలు వెలుగుతున్నాయి. లోపల అరుగు మీద నిండు గర్భిణి కూర్చుని ఉంది. తను తల్లి చచ్చిన మనిషి, గుండుతో ఉన్నాడు, ఏడాది తిరగలేదు. పండగపూట ఆ ముగ్గు తొక్కితే, ఆ పిల్లకేదైనా అయితే? అతను ఆగింది ఒక్క గుక్క ఊపిరి పీల్చినంతసేపు. అక్కడి నుంచే, "ఒరేయ్ భీమేశం, ఆగరా!" అని అరిచాడు. వీధిలో టపాకాయల సరం పేలుతోంది. భీమేశం చిచ్చుబుడ్డి మీదికి వంగి ఉన్నాడు. రంగు ఎలా మొదలవుతుందో దగ్గర్నుంచి చూడడం అతనికి అలవాటు.

పేలినప్పుడు ఎలా ఉంటుందో నేను చెప్పను. వాకిట్లో ప్రమిదలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. ఆ తర్వాత అమ్మిరాజు ముగ్గు తొక్కుకుంటూనే లోపలికి వెళ్ళాడు. భీమేశాన్ని ఎత్తుకుని బండి దాకా పరిగెత్తింది అతనే. ఇప్పుడు ముగ్గు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కాకినాడ పెద్దాసుపత్రిలో చాలారోజులు ఉంచారు. ఒక కన్ను అప్పుడే పోయింది. రెండోది నిలబెడదామని చూశారు, నిలబడలేదు. కట్లు కట్టుకుని అతను మంచం మీద ఉండగానే ఆడపిల్ల పుట్టింది. చేతుల్లో పెడితే వేళ్ళతో దాని మొహమంతా తడిమాడు. ముక్కు తనదేనన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ సంగతి మహాలక్ష్మి తన అక్కతో చెబుతుంటే విన్నాను.

ఊరు తీర్పు చెప్పేసింది. మందు పాళ్ళు తప్పాయని కొందరు, గట్టిగా కూరేశాడని కొందరు, చావు జరిగిన ఇంటి రోలు తెచ్చుకున్నందుకేనని కొందరు. చివరి మాటతో మహాలక్ష్మి నన్ను పొయ్యిలో పెట్టెయ్యమంది. గొడ్డలి కూడా తెచ్చారు. కాని ఏళ్ళ తరబడి మందు పక్కన పడున్న కర్ర, పొయ్యిలో పెడితే ఏమవుతుందోనని ఎవరికీ ధైర్యం చాల్లేదు. కాల్చడానికి భయం, వంటకి పనికిరాను, పారేస్తే ఎవరికి తగులుకుంటానో తెలియదు. అలా నా ప్రాణం దక్కింది. దక్కించుకుని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. కొన్నాళ్ళకి బోర్లించి భీమేశం మంచం పక్కన వేశారు.

అమ్మిరాజు మళ్ళీ బొగ్గు కాల్చలేదు. మిల్లుకి వెళ్ళేముందు రోజూ పొద్దున్నే భీమేశం దగ్గరికొచ్చి పేపరు చదివి వినిపించేవాడు. సాయంత్రం చెయ్యి పట్టుకుని కాలవగట్టు మీద తిప్పేవాడు. పిల్ల మాటలు నేర్చింది, నడక నేర్చింది, బడికి వెళ్ళింది. ఎవరి పోలికో భీమేశం అడిగితే, అమ్మిరాజు అచ్చం నీ పోలికే అని చెప్పేవాడు. అది నిజమే. ఊళ్ళో వాళ్ళు అలాంటి స్నేహితుడు దొరకాలంటే పెట్టిపుట్టాలనేవారు. ఆ మాట వినబడినప్పుడల్లా అతని తల ఇంకాస్త కిందికి వాలేది.

అన్నిటికంటే కష్టమైనది ఏమిటంటే, భీమేశమే అమ్మిరాజుకి క్షమాపణ చెప్పుకునేవాడు. "నా చేతకానితనం వల్ల నీ బొగ్గుకి చెడ్డపేరొచ్చిందిరా. గట్టిగా కూరేశాను కాబోలు" అనేవాడు. అమ్మిరాజు పేపరు ఇంకో పేజీ తిప్పేవాడు. ఏళ్ళు గడిచాయి. ఇద్దరి తలలూ నెరిశాయి. అమ్మిరాజు ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకుని, ధాన్యం ధరలు చదివిన పొద్దులు నేను ఎన్నో చూశాను. లోపల ఉన్నది అతన్ని తినేస్తోంది. నాకు చెదలు పట్టింది గాని నా మీద జాలి నాకు లేదు. అతన్ని చూస్తే ఉంది.

ఈ మధ్య ఒకరోజు పేపరు మధ్యలో ఆపేశాడు. మహాలక్ష్మి లోపల బియ్యం ఏరుకుంటోంది. అమ్మిరాజు చదువుతున్నట్టే, అదే గొంతుతో మొదలుపెట్టాడు.

"భీమేశం. ఆ డబ్బాలు తారుమారయ్యాయిరా. మూతున్నది జిల్లేడని నేనే తప్పు చెప్పాను. అమ్మని పడుకోబెట్టేటప్పుడు కుండలు మార్చేశారు, నేను చూసుకోలేదు. జువ్వ లేవనప్పుడు తెలిసింది. పరిగెత్తుకొచ్చాను. మీ ముగ్గు కాడ ఆగిపోయాను. నా మైల మీకు తగులుద్దని ఆగిపోయానురా."

లోపల బియ్యం చేట చప్పుడు ఆగింది. భీమేశం చెయ్యి చాచి గాల్లో తడిమి అమ్మిరాజు మోకాలు పట్టుకున్నాడు. అతని మొహంలో కోపం లేదు. ఇన్నేళ్ళూ స్నేహితుడు ఒంటరిగా మోసిన బరువు తనూ కాస్త పంచుకోవాలనే ఆత్రం ఉంది. దేవుడు సాక్షి, మంచి చెయ్యాలనే అన్నాడు ఆ మాట.

"పిచ్చోడా. నీ ఒక్కడి తప్పేటిరా? దంచేటప్పుడే నా చేతికి తెలిసింది. మెత్తగా జారిపోయింది. ఇది జిల్లేడు కదా అనిపించింది కూడాను. కాని నువ్వు తుమ్మన్నావు. బొగ్గు కాడ నీ మాట ముందు నా చెయ్యి ఎంతలే అనుకున్నాను. నా చేతి కన్నా నిన్నే నమ్మానురా. అంచేత తప్పు నాది కూడా ఉంది. నువ్వొక్కడివే ఏడవమాక."

నేను నిర్ఘాంతపోయాను. ఆ రోజు నేను నా గోలలో పడి రోకలి చప్పుడే విన్నాను గాని, దాన్ని పట్టుకున్న చేతిని చూడలేదు. నాకొక్కదానికే తెలుసనుకున్నాను. అతనికీ తెలుసు. తెలిసి, స్నేహితుడి మాట మీద దంచుకుంటూ పోయాడు.

అమ్మిరాజు మొహం చూశాను. తిట్టినా, కొట్టినా, గెంటేసినా తట్టుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషి అతను. నిన్ను నమ్మాను అనే మాటకి మాత్రం సిద్ధపడలేదు. భీమేశం చేతిని తన మోకాలి మీంచి మెల్లగా తీసి, మంచం పట్టె మీద పెట్టాడు. పేపరు మడిచాడు. "వత్తాను" అన్నాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇంటికి తాళం ఉందని పిల్ల చూసొచ్చి చెప్పింది. మిల్లులో లెక్క తేల్చేసుకుని వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలియదు. సూరాయమ్మ ఊరికి కబురుపెడితే అక్కడికీ రాలేదన్నారు.

భీమేశం ఇప్పటికీ పొద్దున్నే మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని కూర్చుంటాడు. పేపరొస్తుంది. "నాన్నా, నేను చదవనా?" అంటుంది పిల్ల. వద్దమ్మా, వాడు రానీ అంటాడు. పిల్ల బడికి వెళ్ళిపోయాక మహాలక్ష్మిని పిలుస్తాడు.

"నేను వాణ్ణేమీ అనలేదు కదే? తప్పు నాదే అన్నాను కదా. మంచిమాటే కదా అన్నాను?"

ఆమె లోపల బియ్యం చేట ముందుకి లాక్కుంటుంది. మడత విప్పని పేపర్లు నా మీద పేరుకుంటున్నాయి. అతను చేత్తో తడిమి, పైన ఇంకొకటి పెట్టుకుని, వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా అటు తల తిప్పుతాడు.